ధర్మరాజు రెండోసారి ఎందుకు వెళ్ళాడు?

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడా సరిచేశాను.)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, కృత్రిమ మేధ గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నారు. దాని గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పుడు తిరువూరు బస్టాండులో టీ కొట్టు దగ్గర కూడా ఉన్నారు. నాకు నిజంగా తెలిసిన విషయం ఇంకొకటి ఉందండీ, ఒక ఆట గురించి మాట్లాడతానన్నాను. క్రికెట్టా అన్నారు. కాదన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా, "సరే, పొద్దున పూట పెడతాం, జనం తక్కువుంటారు" అన్నారు. చూస్తే జనం బాగానే ఉన్నారు. ఇడ్లీలు ఆలస్యం కావడం వల్లనేమో.

ఆట ఏమిటో ముందు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతా వాళ్ళు తలా ఒక పాత్ర. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు దొంగ. కథ నడిపేవాడు "మీ ముందు వాగు పొంగుతోంది, అవతలి గట్టున దీపం కనిపిస్తోంది, ఏం చేస్తారు?" అంటాడు. ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు. అది జరుగుతుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. బోర్డు ఉండదు, గెలుపోటములు ఉండవు, కథ ఉంటుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో మూడు చిన్న పుస్తకాలుగా పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ తర్వాత ఇలాంటివి వందల కొద్దీ వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టం కూడా 1974 నాటిదే. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ నా ప్రసంగంలో ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా బ్యాచ్‌వాళ్ళం ఐదుగురం ఈ ఆట మొదలుపెట్టాం. ఒకడు డాలస్‌లో, ఒకామె సత్తుపల్లి దగ్గర టీచరు, ఒకడు విజయవాడలో, ఒకడు ఈ చుట్టుపక్కలే వ్యాపారం, నేను హైదరాబాదులో. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. కథ నడిపేది నేను. ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుని చదివితే అంతా ఎల్ఫులు, డ్వార్ఫులు. మావాళ్ళకి ఎక్కలేదు. అప్పుడు మా సత్తుపల్లి టీచరు అంది, "మనకి చందమామ లేదా? ఎల్ఫులెందుకు?" నిజమే కదా. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం లాంటి సీరియళ్ళు చదివి పెరిగిన ఊరు ఇది. అచ్చయినప్పుడు వాటి మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. మన బడి లైబ్రరీలో బైండు చేసిన చందమామలు ఎవరు ముందు తీసుకోవాలన్న దాని మీద జరిగిన కొట్లాటలు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేను కూడా ఒక దెబ్బ తిన్నాను.

అలా కట్టలేరు అవతల ఒక మాయాలోకం కట్టుకున్నాం. మామిడి తోటల మధ్య శిథిల కోట, బావిలో భల్లూకం, జీడి రసంతో సీసాలు నింపే మాంత్రికుడు. రూల్స్ కూడా సొంతంగా రాసుకున్నాం. ఈ ఆట ఆడేవాళ్ళు అలాంటి రూల్సును ఇంట్లో వండుకున్నవి అంటారు. పాచికలు లూడో డబ్బాలోవే, రెండు. ఇరవై ముఖాల పాచికలు పంపిస్తానని డాలస్ వాడు అన్నాడు గానీ, అందరిళ్ళల్లో ఉన్న వాటితోనే ఆడదామనుకున్నాం.

ఇక అసలు విషయం, బలహీనతలు.

మొదటి నెలలోనే తెలిసింది, బలహీనత లేని పాత్రతో కథ నడవదని. అందరి వీరులూ అన్నీ చేయగలరు, దేనికీ భయపడరు. ఇలాంటివాళ్ళు నలుగురు చేరితే కథలో ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. నాలుగు పాచికలు వేసి ఇంటికెళ్తారు. అందుకని నేనొక రూలు రాశాను. ఒక బలహీనత తీసుకుంటే పాత్రకు పది మార్కులు అదనం. ఆ పదితో కత్తి కొనుక్కో, మంత్రం నేర్చుకో. నేను కనిపెట్టానని మురిసిపోయాను గానీ, ఛాంపియన్స్ అనే ఆట 1981లోనే ఈ పని చేసిందని తర్వాత తెలిసింది.

డాలస్ వాడు వెంటనే, "మావాడికి సముద్రమంటే భయం" అన్నాడు. పది మార్కులు తీసుకున్నాడు, మెరుపుకత్తి కొన్నాడు. మా కథ అంతా కట్టలేరు పక్కన, మామిడి తోటల్లో. సముద్రం ఎక్కడుంది? మచిలీపట్నం దాకా పోవాలి. వాడు ఆ విషయం చూసుకునే తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాతి ఆదివారం ఒక శాపం పెట్టి కోట చుట్టూ సముద్రం రప్పించాను. వాడి పాత్ర ఆ పూటంతా ఒక కొబ్బరిచెట్టు కింద వణుకుతూ కూర్చుంది. వాడు ఫోన్ కట్టేసి రెండు వారాలు రాలేదు.

ఇక్కడ ఇద్దరిదీ తప్పే. వాడు తీసుకున్నది బలహీనత కాదు, ఉత్త పది మార్కులు. నేను చేసింది న్యాయం కాదు, కక్ష. ఆట పుస్తకాలు రాసేవాళ్ళకి ఈ రోగం బాగా తెలుసు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు 2004లో వేసిన ఒక అనుబంధ పుస్తకంలో బలహీనతకు బదులుగా అదనపు విద్య ఇచ్చే పద్ధతి ఉంది. అందులో ఒకటి, దూరం నుంచి విసిరే ఆయుధాలతో గురి తగ్గడం. విల్లు పట్టేవాడికి అది నష్టం. కత్తి తప్ప ఇంకేమీ ముట్టనివాడికి అదేం నష్టం? వాడు అదే తీసుకుంటాడు. బేరం వాడిది.

మన పరీక్షల్లో ఛాయిస్ ప్రశ్నలు వదిలేసినట్టే ఇది. రాని ప్రశ్న వదిలేస్తే మార్కులు పోవు. మాస్టార్లు నవ్వుతున్నారు, వాళ్ళకి తెలుసు.

దీన్ని సరిచేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఫేట్ అనే ఇంకో ఆట నుంచి ఒక ఆలోచన తెచ్చుకున్నాను. బలహీనత రాసుకున్నందుకు ముందే ఏమీ ఇవ్వకూడదు. అది కథలో నిజంగా కాటేసినప్పుడు మాత్రమే ఇవ్వాలి. మా ఆటలో ఒక గవ్వ ఇస్తాం. ఆ గవ్వతో తర్వాతెప్పుడైనా పాచికలు ఒకసారి మళ్ళీ వేసుకోవచ్చు. సముద్రమంటే భయపడే వాడు సముద్రం దగ్గరికి పోకపోతే గవ్వ రాదు. గవ్వ కావాలంటే వాడే "పడవెక్కుదాం" అంటాడు. అన్నాడు కూడా. నేను సముద్రం తేవాల్సిన పని తప్పింది.

మన వైకుంఠపాళిలో కూడా పాములకు దుర్గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు ఉంటాయి. అయితే అక్కడ పాము నోట్లో పడటం నీ చేతిలో లేదు. గవ్వలు ఎంత పడితే అంత. అహంకారం గడిలో పడ్డవాడు అహంకారి కానక్కర్లేదు, పాపం మూడు పడింది. నాకు ఆ పటం చిన్నప్పటి నుంచీ ఇష్టమే గానీ, అందులో మనిషి నిర్ణయం లేదు. మంచి బలహీనత మనిషిని ఒక గుమ్మం ముందు నిలబెట్టాలి. లోపలికి పోతావా, వెనక్కి తిరుగుతావా? రెండింటికీ ఖర్చు ఉండాలి.

ఇంకా ఒక ప్రశ్న ఉంది. బలహీనత ఒకడిది, ఖర్చు ఎవరిది? దొంగ పాత్ర వాడు "నాకు చేతివాటం" అని రాసుకుని రాజుగారి ఉంగరం కొట్టేస్తే, చెరసాలకు నలుగురూ పోతారు. వాడికి సరదా, ముగ్గురికి శిక్ష. అందుకని మేము పెట్టుకున్న కట్టుబాటు, అందరి మీద పడే బలహీనతకు అందరూ ఒప్పుకోవాలి.

దీనికి నాకు దొరికిన గొప్ప ఉదాహరణ హనుమంతుడు. తన బలం తనకు గుర్తుండదు, ఎవరో ఒకరు గుర్తుచేయాలి. ఆట కట్టేవాడి కళ్ళతో చూడండి. సముద్రం దాటగలిగినవాడు మొదటి రోజే దాటేస్తే మిగతా వానరులకు పనేముంది? ఈ మరుపు వల్ల జాంబవంతుడికి ఒక ఘట్టం దొరికింది. ఒకడి లోపం ఇంకొకడికి చేతినిండా పని ఇచ్చింది. కర్ణుడిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి శాపం, అన్నీ వచ్చి ఒకే పూట మీద పడ్డాయి. కథగా విని కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఆటగా ఆడితే ఆ పాత్ర తీసుకున్నవాడు మధ్యలో లేచిపోతాడు. గుమ్మం లేదు, పాములే ఉన్నాయి.

మా మొదటి పట్టికలో ఒక చెత్త పని కూడా చేశాను. నత్తి, మెల్లకన్ను, కుంటికాలు అన్నీ బలహీనతలని రాసి, పాచిక వేసి తీసుకోమన్నాను. మా విజయవాడ వాడు ఏమీ అనలేదు. వాడికి చిన్నప్పుడు నత్తి ఉండేది, మనం వాడికి పెట్టిన పేరు ఈ హాల్లో సగం మందికి గుర్తే. ఆ రాత్రి ఆ వరసలు కొట్టేశాను. వాడికి క్షమాపణ చెప్పడం మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు జూదం.

2023 వేసవిలో మా ఐదుగురిలో ఒకడు పాత పాత్ర చనిపోయి కొత్త పాత్ర రాసుకున్నాడు. ఎవరో చెప్పను. ఏం చేస్తాడో, ఏ ఊరో కూడా మార్చి చెప్పమన్నాడు, కాబట్టి ఇంతకుముందు నేను చెప్పిన వివరాలను బట్టి లెక్కలు వేయకండి. ఈ ప్రసంగం ముందుగా వాడికే చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేశాడు, ఒకచోట కలిపాడు. ఇక్కడే ఉన్నాడు.

వాడి కొత్త పాత్ర దేశం పోయిన రాజకుమారుడు. బలహీనత జూదం. అందరం నవ్వాం, ధర్మరాజువిరా అన్నాం. నేను రూలు రాశాను. ఎవరైనా పందెం అంటే వాడు రెండు పాచికలు వేయాలి. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే నిగ్రహించుకున్నట్టు. లేదంటే ఒక వస్తువు పణం పెట్టాలి, ఓడితే అది పోతుంది, అంతటితో అయిపోయింది. రెండు పాచికలకు ముప్ఫై ఆరు రకాలు. ఐదూ ఆపైన పడేవి ముప్ఫై. అంటే ఆరింట ఐదుసార్లు బయటపడతాడు. మరీ కఠినం కాదు, మరీ సులువూ కాదు. గర్ప్స్ అనే ఆటలో కూడా ఇలాంటి నిగ్రహ పరీక్ష ఉంది. మూడు పాచికల మొత్తం పన్నెండుకు మించకపోతే నిలబడినట్టు, సుమారు నూటికి డెబ్బై నాలుగు సార్లు. అంతకంటే తొమ్మిది లాంటి గట్టి అంకె తీసుకుంటే నూటికి ముప్ఫై ఏడున్నరే, దానికి మార్కులూ ఎక్కువ. చక్కటి లెక్క అని నాకు దాని మీద గౌరవం. మా లెక్కల మాస్టారు పాచికల బొమ్మ వేసి సంభావ్యత చెప్పిన రోజున నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాను. నలభై దాటాక కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

రెండు ఆదివారాలు ఆడాక వాడు అన్నాడు, "నువ్వు రాసిన రూలు తప్పురా."

"ఏం? మరీ సులువా?"

"అది కాదు. ఓడాక అయిపోయిందని రాశావు. ఓడినవాడు ఆగడు. ఓడినప్పుడే ఆగలేడు."

"మరి ఎలా రాయమంటావు?"

"మొదట ఐదు. ఒకసారి ఓడాక ఏడు పడితేనే ఆగాలి. మళ్ళీ ఓడితే తొమ్మిది. మళ్ళీ ఓడితే పదకొండు."

నేను కాగితం మీద లెక్క వేశాను. ముప్ఫై ఆరింట ముప్ఫై, తర్వాత ఇరవై ఒకటి, తర్వాత పది, తర్వాత మూడు. ఆగడం అంతకంతకూ కష్టమవుతుంది. భలే ఉంది అన్నాను.

"ఆ తర్వాత పదమూడు" అన్నాడు.

"రెండు పాచికలతో పదమూడు ఎలా పడుతుందిరా?"

"పడదు. అదే చెప్తున్నా."

డాలస్ వాడు, "అయితే వాడు ఎప్పటికీ ఆగడా? అలాగైతే పాత్ర చచ్చినట్టే, అది బలహీనత ఎలా అవుతుంది?" అన్నాడు. సరైన అభ్యంతరమే, తలుపు లేని గది పెట్టకూడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. కాసేపు వాదించుకున్నాం. చివరికి పక్కవాళ్ళు తమ పాచిక ఇచ్చేలా రాశాం. ఒకడు తోడొస్తే మూడు పాచికలు, పదమూడు పడే అవకాశం నాలుగోవంతు కంటే కాస్త ఎక్కువ. ఇద్దరొస్తే నాలుగు పాచికలు, మూడింట రెండు వంతులు. పాచిక ఇచ్చినవాడు ఆ పూటకి తన వంతు వదులుకోవాలి. ఇది న్యాయంగా ఉంది, అందరికీ ఖర్చుంది. "వాడు నోరు తెరిచి అడిగితేనే ఇవ్వాలి, లేకపోతే మరీ తేలిక" అని నేను చేర్చబోయాను.

వాడు ఒప్పుకోలేదు. "అక్కడిదాకా పోయినవాడు అడగడురా. అడక్కుండానే ఇవ్వొచ్చని రాయి."

రాశాను. మంచి రూలు కుదిరిందని సంతోషంగా పడుకున్నాను.

పొద్దున్నే మా సత్తుపల్లి టీచరు ఫోన్ చేసింది. "రాత్రి వాడన్నది విన్నావా?"

"విన్నా. భలే రూలు చెప్పాడు."

"నీ మొహం. నేను రూలు గురించి అడగట్లేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే పని చేసినవాణ్ణి. ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని, ఎన్నో ఓటమి దగ్గర ఎంత కష్టమవుతుందో అంకెలతో సహా చెబితే, ఆ అంకెలు వాడికెలా తెలుసని అడగలేదు. రూలు దిద్దాను.

మర్నాటి ఆదివారం ఆట మానేసి ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ముందు బుకాయించాడు. తర్వాత వాళ్ళావిడ కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయినప్పుడు చూశాను, మెడలో పసుపుతాడే ఉంది. ఫోన్లో రమ్మీ. పండక్కి తోటల్లో పేకాట, కోడిపందేలు మనకి తెలియనివి కాదు. అక్కడికి మనిషి నడుచుకుంటూ పోవాలి, నలుగురూ చూస్తారు, పోలీసులొస్తే చెప్పులు వదిలి పరుగెత్తాలి. ఇది అలా కాదు. దుప్పటి కింద, బాత్రూములో, మా ఆదివారం ఆట నడుస్తుండగా పక్క ఫోన్లో. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో ఆ 1974 చట్టాలకే సవరణలు చేసి నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. వాడు మునిగింది నిషేధం ఉన్న రోజుల్లోనే. ఆడాలనుకున్నవాడికి దొంగదారులు చూపించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎంత పోయిందో చెప్పొద్దన్నాడు. మీరు ఊహించుకునే అంకె కంటే పెద్దది.

"ఎప్పుడు తెలిసింది నీకు, చేయి దాటిందని?" అని మా టీచరు అడిగింది.

"ఒకసారి మొత్తం తిరిగొచ్చిందే. పోయినదంతా. ఆ రాత్రి ఆపేయొచ్చు. తెల్లారేసరికి మళ్ళీ కూర్చున్నా."

మాకు తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు సభాపర్వం కథ చెబుతూ ఒక ప్రశ్న వేశారు. మొదటి జూదంలో ధర్మరాజు రాజ్యం, తమ్ముళ్ళు, తను, ద్రౌపది, అన్నీ ఓడాడు. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఇంద్రప్రస్థానికి బయల్దేరారు. దారిలో మనిషిని పంపి మళ్ళీ జూదానికి రమ్మంటే తిరిగి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడు? పెద్దనాన్న పిలిస్తే కాదనలేక అని నేను చెప్పాను. పుస్తకంలో ఉన్న జవాబు అదే, ఒక మార్కు వచ్చింది. మాస్టారు మాత్రం "ఊఁ... అంతేనా?" అని ఊరుకున్నారు. ఆ రోజు వాళ్ళింటి వరండాలో కూర్చున్నప్పుడు ఆ "అంతేనా" నాకు వినిపించింది. మాస్టారు ఈ సభకు రాలేదు, ఆరోగ్యం బాగోలేదట. రేపు వెళ్ళి కలుస్తాను.

తర్వాత చేసినవి గొప్ప పనులేమీ కావు. ఫోను, బ్యాంకు కార్డులు వాళ్ళావిడ చేతికి వెళ్ళాయి. అప్పులన్నీ ఒక కాగితం మీద రాశాం. దానికే రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఒక్కోటి చెప్పడానికి వాడికి ఒక్కో పూట పట్టింది. డాలస్ వాడు కొంత సర్దాడు, నేను కొంత. డబ్బు ఇవ్వడం కంటే వాడికి డాక్టరు అవసరమని మా టీచరు పట్టుబట్టింది. నేను మొదట ఒప్పుకోలేదు, మనవాడికి పిచ్చేమిటి అన్నాను. ఆమెదే సరైన మాట. ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు ఫోన్ చేశాం, నంబరు 14416, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత విజయవాడలో మానసిక వైద్యుణ్ణి కలిశాం. ఆ నంబరు సావనీరులో అచ్చు వేయమని వాడే అడిగాడు. పైన నేను చెప్పిన చోట వాడు కలిపింది అదే.

నయమైపోయిందని చెప్పను. రెండుసార్లు జారాడు. రెండోసారి వాడే ఫోన్ చేసి చెప్పాడు, మొదటిసారి చెప్పలేదు. అప్పు ఇంకా నడుస్తోంది. నల్లపూసలు వచ్చాయి, గాజులు ఇంకా రాలేదు.

మళ్ళీ ఆట మొదలుపెట్టినప్పుడు, ఆ బలహీనత తీసేద్దాం, వేరే ఏదైనా రాసుకో అన్నాను. నాకు అదే మర్యాద అనిపించింది.

"ఉంచు. అక్కడ ఓడితే కత్తే కదా పోయేది" అన్నాడు.

ఉంచాం. ఒక్క మార్పు చేశాం. ఆ ఘట్టం ఎప్పుడు రావాలో నేను నిర్ణయించను, వాడే చెబుతాడు. కొన్ని నెలలు అసలు చెప్పలేదు. వాడి పాత్ర చుట్టూ ఉన్న ఊళ్ళల్లో పాచికలాడేవాళ్ళే లేరన్నట్టు కథ నడిపాను. ఆటగా చూస్తే అది తప్పే, డాలస్ వాడి సముద్రం లాంటిదే, కాటేయని బలహీనత. గవ్వలు కూడా రావట్లేదు వాడికి. నేను లెక్కలు పక్కన పెట్టాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నిరుడు ఒక ఆదివారం వాడే అన్నాడు, "కోటలో ముసలాడు పాచికలు పరిచాడని చెప్పు." చెప్పాను. రెండు పడ్డాయి, మూడు. ఓడాడు. ఏడు కావాలి, ఆరు పడింది. ఓడాడు. తొమ్మిది కావాలి, నాలుగు. పదకొండు కావాలి, ఎనిమిది. కత్తి పోయింది, గుర్రం పోయింది, తండ్రి ఇచ్చిన ఉంగరం పోయింది. తెర మీద ఎవరి ముఖమూ కదలడం లేదు. నాకు ఆట ఆపేయాలనిపించింది. ఆపే హక్కు నాకుంది, కథ నడిపేవాణ్ణి.

"నా పాచిక ఇస్తున్నా" అన్నాడు విజయవాడ వాడు. "నాది కూడా" అంది మా టీచరు. డాలస్ వాడు పాచిక కోసం లూడో డబ్బా వెతుక్కుంటున్నాడు, వాళ్ళమ్మాయి ఎక్కడో పడేసింది. ఆఖరికి ఫోనులో అంకెలు వేసే దాన్ని తెరిచాడు. వద్దని అందరం ఒకేసారి అరిచాం, అది కూడా ఫోనే కదా. సరే, కాగితం మీద చీటీలు రాసి తీశాడు.

ఐదు పాచికలు. మొత్తం పద్ధెనిమిది.

ఆ పూటకి ముగ్గురి వంతులూ పోయాయి. మాంత్రికుడు సీసాలతో సహా తప్పించుకున్నాడు. ఏడాదిగా వెంటాడుతున్న మాంత్రికుడు. వాడింకా దొరకలేదు.

భారతంలో ఈ కథ ఇంకా ఉంది. అడవిలో బృహదశ్వుడు ధర్మరాజుకు నలుడి కథ చెప్పి, పాచికల రహస్యం నేర్పుతాడు. తర్వాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా చేరి ధర్మరాజు రాజుతో పాచికలాడతాడు. దేనివల్ల అడవికి పోయాడో దాన్నే పట్టుకుని ఏడాది దాక్కున్నాడు. ఆట కట్టేవాడిగా నాకు ఆ మలుపంటే అసూయ. మా రాజకుమారుడి కథలో అలాంటిది పెట్టొచ్చా అని ఒకసారి అడిగాను. "నాకు ఆ రహస్యం నేర్చుకోవాలని లేదు, వద్దు" అన్నాడు. పెట్టలేదు.

టైమైందని కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క ప్రకటన ఉంది. మా ఐదుగురం ఎనిమిదేళ్ళ తర్వాత ఒకే ఊళ్ళో ఉన్నాం. ఈ రాత్రి ఎనిమిదింటికి పదో తరగతి గదిలో ఆడతాం. హెడ్మాస్టరు గారు తాళం ఇస్తామన్నారు, ఫ్యాను ఒకటే తిరుగుతుందట. చూడాలనుకున్నవాళ్ళు రావచ్చు. మాంత్రికుడు కట్టలేరు దాటబోతున్నాడు. మా లెక్కల మాస్టారు వస్తానన్నారు, ఆయన పాచిక ఆయన తెచ్చుకుంటారట.